పోలీస్ మన కారు నంబర్ కొట్టి చూస్తే అది ఎక్కడ రికార్డవుతుంది? (డాలస్, అట్లాంటా, ఎవరైనా చెప్పండి)

ఇర్వింగ్_ఇంజనీరు
అందరికీ నమస్తే. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే 635 హైవే మీద ఒక పోలీస్ కారు నా వెనకే పట్టుకుని వచ్చింది. నేను లేన్ మారితే తనూ మారాడు. స్పీడ్ లిమిట్‌లోనే ఉన్నా కానీ చేతులు చెమట పట్టేశాయి. కాసేపటికి పక్కనుంచి దాటుకుని వెళ్లిపోయాడు, లైట్లు వేయలేదు, ఆపలేదు. మా రూమ్మేట్ "నీ ప్లేట్ రన్ చేసుంటాడు, క్లీన్ అని వచ్చుంటుంది" అన్నాడు. అప్పట్నుంచి కొత్త టెన్షన్ పట్టుకుంది. ఇలా నంబర్ చూసినప్పుడల్లా నా పేరు మీద ఎక్కడైనా ఎంట్రీ పడుతుందా? డిసెంబర్‌లో హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ ఉంది, అక్కడ కనిపిస్తుందా?

ప్లానో_పంతులు
ప్లేట్ చూసినందుకే స్టాంపింగ్ ఆపితే డాలస్‌లో సగం మంది ఈపాటికి అమీర్‌పేటలో ఉండేవాళ్లు. హాయిగా పడుకో తమ్ముడూ.

రేడియో_పిన్ని
పంతులుగారూ, ఆ అబ్బాయి అడిగినది మంచి ప్రశ్నే, వెటకారం వద్దు. నేను ఒక కౌంటీలో డిస్పాచర్‌గా, అంటే పోలీసులతో రేడియోలో మాట్లాడే ఉద్యోగం, చేసి మానేశాను, ఏ కౌంటీయో అడక్కండి.

ఆఫీసర్ కారులో ఉన్న ల్యాప్‌టాప్ మీద నంబర్ తనే కొట్టుకుంటాడు, లేదంటే రేడియోలో మాకు చదివితే మేం కొడతాం. ఎవరు కొట్టినా అది ముందు రాష్ట్రం కంప్యూటర్‌కి వెళ్తుంది. టెక్సస్‌లో దాని పేరు టీలెట్స్, డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ, లైసెన్సులిచ్చేదీ వాళ్లే) వాళ్లది. కాలిఫోర్నియాలో క్లెట్స్. బండి ఎవరిది, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది అన్నది మోటారు వాహనాల శాఖ రికార్డు నుంచి వస్తుంది. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌లెట్స్ అనే నెట్‌వర్క్ మీదుగా ఆ రాష్ట్రాన్ని అడిగి తెస్తుంది. దొంగ బండా, ఎవరికైనా వారెంట్ ఉందా అన్నది ఎఫ్‌బీఐ వాళ్ల ఎన్‌సీఐసీ అనే జాతీయ నేర సమాచార డేటాబేస్ చెబుతుంది. అది 1967 నుంచి నడుస్తోంది, చూసుకునే విభాగం వెస్ట్ వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్‌లో ఉంది. ఇదంతా మనం కాఫీ గుటకేసేలోపు అయిపోతుంది.

ఇక లాగ్ సంగతి. నంబర్ కొట్టగానే ఒక లైను పడుతుంది. అందులో తేదీ, టైము, ఓఆర్ఐ అనే తొమ్మిది అక్షరాల ఏజెన్సీ కోడ్ (టెక్సస్‌వన్నీ టీఎక్స్‌తో మొదలవుతాయి), ఏ టెర్మినల్, ఎవరి యూజర్ ఐడీ, ఏ రకం క్వెరీ (రిజిస్ట్రేషన్‌కి ఆర్‌క్యూ, దొంగ బండి సంగతికి క్యూవీ), చివర్లో నీ నంబరు, రాష్ట్రం ఉంటాయి. చూశావా, ఆ లైన్లో నీది అంటూ ఉన్నది ఆ నంబరొక్కటే. మిగతాదంతా కొట్టినవాడి చరిత్ర. ఆ లాగ్ పెట్టిందే ఆఫీసర్లను, మమ్మల్ని పట్టుకోవడానికి. కొత్తగా చేరినప్పుడు మాకు మొదట చెప్పే మాట కూడా అదే, పక్కింటివాడి నంబర్ సరదాకి కొట్టినా ఉద్యోగం పోతుందని.

ఇర్వింగ్_ఇంజనీరు
థాంక్యూ పిన్నిగారూ, కొంచెం ఊపిరి వచ్చింది. మరి ఆ లాగ్ ఎన్నాళ్లుంటుంది? రేపు ఇంకో ఆఫీసర్ నా నంబర్ కొడితే "నిన్న ఫలానా వాడు ఈ బండి చూశాడు" అని కనిపిస్తుందా?

రేడియో_పిన్ని
ఎన్‌సీఐసీ లావాదేవీల లాగ్ కనీసం ఏడాది దాచాలని ఎఫ్‌బీఐ రూలు. చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే ఉంచుతారు. మూడేళ్లకోసారి వాళ్ల ఆడిట్ వస్తుంది, ఆ వారం ఆఫీసులో అందరికీ కడుపులో తిప్పుతుంది.

ఇంకో ఆఫీసర్‌కి ఆ పాత క్వెరీలు మామూలుగా కనిపించవు. కానీ మా సొంత డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, క్యాడ్ అంటాం, అందులో అదే ఊరి పోలీసులు ఆ బండిని ఇదివరకు ఆపి ఉంటే ఆ ముచ్చట రావొచ్చు. అది ఆ ఊరి వరకే.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఎన్‌సీఐసీ ఆ క్వెరీలను అయిదు రోజులు చేతిలో పట్టుకుని ఉంటుంది. సోమవారం ఒక ఆఫీసర్ ఒక కారు నంబర్ కొట్టాడు, ఏమీ లేదని వచ్చింది. ఓనర్ ఊళ్లో లేడు, బుధవారం వచ్చి చూసుకుని కారు పోయిందని రిపోర్ట్ ఇచ్చాడు. అది సిస్టమ్‌లో ఎక్కించగానే "సోమవారం ఫలానా చోట ఈ బండిని చూశారు" అని రెండు ఏజెన్సీలకీ మెసేజ్ వెళ్తుంది. డిలేయ్‌డ్ ఎంక్వైరీ హిట్ అంటారు దాన్ని. నా సర్వీసులో నాకు నచ్చిన ఫీచర్ అదే.

లా_చదివినోడు
కారణం లేకుండా నంబర్ చూడొచ్చా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. చూడొచ్చు. ప్లేట్ నలుగురికీ కనపడేలా పెట్టేదే కాబట్టి దాన్ని కంప్యూటర్‌లో చూడటం అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ చెప్పే సోదా కిందికి రాదని ఫెడరల్ అప్పీల్ కోర్టులు చెప్పాయి. అనుమానం కూడా అక్కర్లేదు, ట్రాఫిక్‌లో బోర్ కొట్టి వరసగా కొట్టుకుంటూ పోయినా ఆ సవరణ ప్రకారం తప్పు కాదు, డిపార్ట్‌మెంట్ రూల్స్ సంగతి వేరు.

దాని మీద ఇంకో మెట్టు 2020లో కాన్సాస్ వర్సెస్ గ్లోవర్. కాన్సాస్‌లో ఒక డెప్యూటీ 1995 మోడల్ షెవర్లే పికప్ నంబర్ కొట్టాడు, ఓనర్ లైసెన్స్ రద్దయిందని వచ్చింది, నడిపేది ఎవరో చూడకుండానే ఆపేశాడు. ఓనరే నడుపుతుంటాడని అనుకోవడం సబబే అని సుప్రీంకోర్టు 8-1తో తేల్చింది. నడిపేది వేరే మనిషని కళ్లకు కనపడుతుంటే మాత్రం ఆ వాదన నిలవదు.

మెకిన్నీ_హెచ్4
లా అన్నా, ఈ గ్లోవర్ సంగతి మనవాళ్లకు సూటిగా తగిలేదే! మన లైసెన్సులు వీసా గడువుతో ముడిపెట్టి ఇస్తారు కదా. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉండి, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అయిపోయి, ఆయన లైసెన్స్ ఎక్స్‌పైర్ అయిందనుకోండి. కారేమో ఆయన పేరు మీదే ఉంది. వెనక వస్తున్న పోలీస్‌కి నంబర్ కొట్టగానే అది తెలిసిపోతుందా?

లా_చదివినోడు
నంబర్ నుంచి ఓనర్ పేరు, ఆ పేరు నుంచి లైసెన్స్. రెండు క్లిక్కులు, కొన్నిచోట్ల ఒకటే. గ్లోవర్ కేసు రద్దయిన లైసెన్స్‌ది, ఎక్స్‌పైర్ అయిన దానికీ అదే లాజిక్ వాడతారు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లు రసీదు కాగితం పట్టుకుని ముందే డీపీఎస్ ఆఫీసుకి వెళ్లడం మంచిది. అప్పటిదాకా మీకు లైసెన్స్ ఉంటే మీరు నడపండి, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టండి.

మెకిన్నీ_హెచ్4
ఆయన పక్క సీట్లో కూర్చుంటే బ్రేకులన్నీ ఆయనే తొక్కుతాడు అన్నా, పోలీసే నయం.

కమింగ్_కాపురం
జార్జియా వైపు నుంచి నేనొకటి చెప్తా, పైగా మా ఊరిదే. పిన్నిగారు సరదాకి కొట్టినా ఉద్యోగం పోతుందన్నారు కదా. మా కమింగ్‌లో ఒక పోలీస్ సార్జెంట్, పేరు వాన్ బ్యూరెన్, డబ్బు ఇబ్బందుల్లో ఉండి ఒకతన్ని అప్పు అడిగాడు. అతను వెళ్లి అధికారులకు చెప్పేశాడు, ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. వాళ్లు నేర్పినట్టే అతను వచ్చి "నాకు క్లబ్‌లో ఒకావిడ పరిచయమైంది, ఆమె మఫ్టీలో ఉన్న పోలీసేమో చూసిపెట్టు, ఇదిగో కారు నంబర్" అని అయిదు వేల డాలర్ల దాకా ఇచ్చాడు. ఈయన పెట్రోల్ కారులో కూర్చుని, తన సొంత లాగిన్‌తో, రాష్ట్రం డేటాబేస్‌లో ఆ నంబర్ కొట్టాడు. నంబర్ కూడా ఎఫ్‌బీఐ పుట్టించిందే!

కింది కోర్టు 18 నెలల జైలు వేసింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. ఆయనకు ఆ డేటాబేస్ చూసే అధికారం ఉంది, చెడ్డ ఉద్దేశంతో చూసినంత మాత్రాన అది కంప్యూటర్ హ్యాకింగ్ చట్టం కిందికి రాదు అని. అంటే లాగ్ ఉంది, వలపన్ని మరీ పట్టుకున్నారు, చివరికి పెద్ద సెక్షనే నిలవలేదు. మా పిల్లల స్కూల్ బస్సు తిరిగే రోడ్ల మీద జరిగిన ముచ్చట దేశం మొత్తం చదువుకునే తీర్పయింది.

లా_చదివినోడు
కరెక్ట్. అది కంప్యూటర్ చట్టం సంగతి. డీపీపీఏ అని డ్రైవర్ల వివరాల గోప్యత కోసం ఇంకో చట్టం ఉంది, 1994ది. 1989లో లాస్ ఏంజిలస్‌లో రెబెకా షేఫర్ అనే నటిని ఒక అభిమాని ఇంటికెళ్లి కాల్చి చంపాడు, ఆమె అడ్రస్ మోటారు వాహనాల శాఖ రికార్డుల నుంచే ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ద్వారా సంపాదించాడు. ఆ తర్వాత వచ్చిన చట్టమిది. పని లేకుండా మన రికార్డు చూస్తే సివిల్ కోర్టులో దావా వేయొచ్చు, నష్టం ఇంత అని లెక్క చూపలేకపోయినా కనీసం 2,500 డాలర్లు ఇప్పించే వీలుంది.

మినియాపోలిస్_చలి
ఆ చట్టం కింద పెద్ద దెబ్బ పడింది మా మినెసోటాలోనే. మాజీ పోలీస్ అధికారిణి ఒకావిడ ఎవరో తన వెంట పడుతున్నారని అనుమానం వచ్చి, తన లైసెన్స్ రికార్డు ఎవరెవరు తెరిచారో చెప్పమని రాష్ట్రాన్ని అడిగింది. 18 ఏజెన్సీలు, 104 మంది పోలీసులు, 425 సార్లు! ఆమె అందంగా ఉందని ఒకడు ఇంకొకడికి చెప్పుకుంటూ చూసినవీ ఉన్నాయి. సెటిల్‌మెంట్లన్నీ కలిపి పది లక్షల డాలర్లు దాటాయి.

ఒక్కటి గమనించండి. లాగ్ మొదటినుంచీ ఉంది. ఏళ్ల తరబడి ఒక్క సూపర్‌వైజర్ కూడా దాన్ని తెరిచి చూడలేదు. ఆవిడ అడగబట్టి బయటపడింది.

రేడియో_పిన్ని
అందులో నిజముంది. ప్రతి ఏజెన్సీలో ఈ సిస్టమ్‌కి బాధ్యుడు ఒకరుంటారు, టీఏసీ అంటాం. ఆయన అప్పుడప్పుడూ కొన్ని క్వెరీలు పట్టుకుని "ఇది ఏ కేసుకి?" అని అడగాలి. రోజూ వేలల్లో పడుతుంటే ఏ ఒక్కటో చూస్తాడు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం పది నిమిషాల్లో మొత్తం బయటికి తీయొచ్చు.

డెంటన్_ఎఫ్1
నాదొక డౌట్ అన్నలూ, అక్కలూ. 2025 ఏప్రిల్‌లో స్టూడెంట్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఒక్కసారిగా లేపేశారు కదా, మా బ్యాచ్‌లో కూడా పోయినవాళ్లున్నారు. అప్పుడూ ఈ ఎన్‌సీఐసీ పేరే వినపడింది. ప్లేట్ చెక్కులు కూడా అందులోకే వెళ్తాయంటున్నారు. మరి రెండింటికీ లింకు లేదంటే ఎలా నమ్మాలి?

లా_చదివినోడు
ఈ థ్రెడ్‌లో అసలు ప్రశ్న ఇదే తమ్ముడూ. అప్పుడు ఏం చేశారో ప్రభుత్వమే కోర్టులో చెప్పింది. దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను ఎన్‌సీఐసీలో కొట్టారు, 6,400 దాకా హిట్లు, అంటే రికార్డుతో కలిసిన పేర్లు, వచ్చాయి. ఆ హిట్లు ఎవరో నంబర్ చూసిన లాగులు కావు. అరెస్టు, వేలిముద్రలు, కేసు, వీటి రికార్డులు. కేసు కొట్టేసినా, చార్జ్ పెట్టకుండా వదిలేసినా ఆ పాత ఎంట్రీ అలాగే ఉండిపోవడం వల్ల చాలామంది బలయ్యారు. కోర్టుల్లో వరసగా ఆర్డర్లు రావడంతో ఏప్రిల్ చివర్లో సెవిస్ రికార్డులు తిరిగి పెట్టారు.

కాబట్టి నిన్ను దెబ్బతీసేది నంబర్ చూడటం కాదు, ఆపాక జరిగేది. వేలిముద్ర పడిందా లేదా అన్నదే గీత. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో కూడా అరెస్టయ్యారా అని అడుగుతారు, నీ నంబర్ ఎవరైనా చూశారా అని కాదు.

కమింగ్_కాపురం
జార్జియాలో ఉండేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఇక్కడ మామూలు ట్రాఫిక్ ఉల్లంఘన కూడా మిస్‌డిమీనర్ (చిన్న క్రిమినల్ నేరం) లెక్కే. చెల్లే లైసెన్స్ లేకుండా దొరికితే అక్కడికక్కడే అరెస్ట్ చేసి వేలిముద్రలు తీసుకోవచ్చు. మనవాళ్లు "ఆఁ, టికెట్టే కదా" అనుకుంటారు.

సూటిగా_సుబ్బారావు
నాకు ఈ భయమంతా అతిగా అనిపిస్తోంది. తప్పు చేయనివాడికి నంబర్ చూస్తే ఏమవుతుంది? పోలీసులు చూడబట్టే దొంగలు దొరుకుతున్నారు.

రేడియో_పిన్ని
సుబ్బారావుగారూ, దొరికిన కథ ఒకటి, జారిపోయిన కథ ఒకటి చెప్తాను, మా ట్రైనింగ్‌లో రెండూ చెప్పేవాళ్లు.

1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ఫెడరల్ భవనం పేల్చాక, గంటన్నర తిరక్కుండానే ఐ-35 హైవే మీద ఒక ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీస్) పసుపురంగు మెర్క్యురీ కారును ఆపాడు. కారణం, వెనక నంబర్ ప్లేటే లేదు! లోపలున్నది ఆ బాంబు పెట్టిన తిమోతీ మెక్‌వే. తుపాకీ దొరికితే పెర్రీ అనే చిన్న ఊళ్లో జైల్లో పెట్టారు, బాంబు సంగతి వాళ్లకు తెలియదు. రెండ్రోజుల తర్వాత ఎఫ్‌బీఐకి ఆ పేరు తెలిసింది, ఎన్‌సీఐసీ లాగ్‌లో "ఈ పేరు ఎవరైనా కొట్టారా" అని వెతికితే ఆ రోజు ఓక్లహోమాలోనే కొట్టినట్టు దొరికింది. వెళ్లేసరికి అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఇలా పాత లాగ్‌లో వెనక్కి వెతకడాన్ని ఆఫ్‌లైన్ సెర్చ్ అంటాం.

రెండోది 2002 అక్టోబర్, వాషింగ్టన్ చుట్టుపక్కల స్నైపర్ కాల్పులు. పది మంది పోయారు. జనమంతా తెల్ల వ్యాను కోసం వెతుకుతున్నారు. హంతకులు తిరిగింది నీలం షెవర్లే కప్రీస్‌లో, న్యూజెర్సీ ప్లేటు, ఎన్‌డీఏ-21జెడ్. ఆ రోజుల్లోనే వేర్వేరు ఊళ్ల పోలీసులు ఆ నంబర్ చాలాసార్లు కొట్టారు. అక్టోబర్ 8న బాల్టిమోర్‌లో కారులో పడుకున్నవాణ్ని లేపి మాట్లాడి కూడా పంపేశారు. ప్రతిసారీ "క్లీన్". దొంగ బండి కాదు మరి. తర్వాత ఆ నంబర్ రేడియోలో చెప్పిన కొన్ని గంటలకే మేరీల్యాండ్‌లో ఒక రెస్ట్ ఏరియాలో దొరికిపోయారు. నంబర్ చూసినంత మాత్రాన ఏమీ దొరకదు, కంప్యూటర్‌కి ముందే తెలిసిందే అది చెబుతుంది.

సూటిగా_సుబ్బారావు
సరే పిన్నిగారూ, మీకు నమస్కారం. అయినా నా మాట మీదే ఉంటాను, చూడనివ్వండి.

ఆల్ఫరెట్టా_కోడర్
మీరందరూ మనిషి కొట్టే నంబర్ల గురించే మాట్లాడుతున్నారు. ఇప్పుడు అసలు కథ కెమెరాలది. సబ్‌డివిజన్ గేటు దగ్గర నల్లటి స్తంభం, పైన సోలార్ పలక కనపడుతున్నాయి కదా, చాలావరకు ఫ్లాక్ కంపెనీవి, మా అట్లాంటాలోనే 2017లో మొదలైంది. పక్కనుంచి వెళ్లే ప్రతి బండినీ ఫోటో తీసి నంబర్ చదివి, టైము, చోటు కలిపి దాస్తుంది. పిన్నిగారు చెప్పిన లాగ్‌లో ఉండేది ఆఫీసర్ చరిత్ర, ఇందులో ఉండేది నీ తిరుగుడు. రెంటినీ కలిపేయకండి.

ఎన్నాళ్లు దాస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూహాంప్‌షైర్‌లో హిట్ రాకపోతే మూడు నిమిషాల్లో చెరిపేయాలి, మెయిన్‌లో 21 రోజులు, మా జార్జియా చట్టం 30 నెలల దాకా ఒప్పుకుంటుంది. ఫ్లాక్ వాళ్ల మామూలు సెట్టింగ్ మాత్రం 30 రోజులు. ఇందులో వెతికినవాడి పేరు, టైము, కారణం కూడా లాగ్‌లో పడతాయి. కాన్సాస్‌లో ఒక చిన్న ఊరి పోలీస్ చీఫ్ తన మాజీ ప్రియురాలి, ఆమె కొత్త స్నేహితుడి బండ్లను కలిపి 200 సార్లకు పైగా వెతికినట్టు ఆ లాగుల్లోనే తేలింది.

మెకిన్నీ_హెచ్4
కెమెరా తప్పు చదివితే?

ఆల్ఫరెట్టా_కోడర్
కెమెరా సరిగ్గా చదివినా తప్పు జరగొచ్చు, 2020 ఆగస్టులో కొలరాడోలోని అరోరాలో చూడండి. మోంటానాలో పోయిన ఒక మోటార్‌సైకిల్ నంబరూ, అక్కడ ఒక తల్లి నడుపుతున్న కారు నంబరూ ఒకటే. రాష్ట్రం వేరు, బండి రకమే వేరు. అయినా తుపాకులు గురిపెట్టి పిల్లల్ని కూడా పార్కింగ్ లాట్‌లో బోర్లా పడుకోబెట్టారు, అందులో ఆరేళ్ల పిల్ల ఉంది. 2024లో ఊరు 19 లక్షల డాలర్లు కట్టింది. కెమెరా అంకెలు సరిగ్గానే చదివింది, మనిషే స్క్రీన్ మీద రెండో లైను చదవలేదు.

రేడియో_పిన్ని
అందుకే హిట్ కన్ఫర్మేషన్ అని ఒక తతంగం ఉంది. హిట్ రాగానే అరెస్ట్ చేయకూడదు, ఆ ఎంట్రీ ఎక్కించిన ఏజెన్సీని "ఇది ఇంకా చెల్లుతుందా, ఇదే బండా?" అని అడగాలి, అర్జెంట్ అయితే వాళ్లు పది నిమిషాల్లో జవాబివ్వాలి. రాత్రి రెండింటికి చిన్న ఊరి స్టేషన్ నుంచి ఆ జవాబు తెప్పించడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుసు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఇండియా నుంచి చదువుతున్నా. ఇక్కడ ఎంపరివాహన్ యాప్‌లో ఎవరి బండి నంబరైనా మనమే కొట్టి చూడొచ్చు, ఓనర్ పేరు మాత్రం మధ్యలో చుక్కలు పెట్టి చూపిస్తుంది. ఎవరు చూశారో మనకెవరూ చెప్పరు. మీరు లాగుల గురించి కొట్టుకుంటుంటే ముచ్చటేస్తోంది.

ఇర్వింగ్_ఇంజనీరు
అందరికీ థాంక్స్. ఆఖరిగా ఒకటి, నా నంబర్ ఎవరు చూశారో టెక్సస్‌లో నేను అడిగి తెలుసుకోవచ్చా?

లా_చదివినోడు
టీలెట్స్ లాగ్ అడిగితే రహస్యమని తిప్పికొడతారు, ఆశ పెట్టుకోకు. అనుమానించడానికి గట్టి కారణం ఉంటే, మాజీ భర్త పోలీసో, గొడవ పడిన పక్కింటివాడు డెప్యూటీనో అయితే, ఆ ఏజెన్సీ ఇంటర్నల్ అఫైర్స్‌కి (సొంత పోలీసుల తప్పులు విచారించే విభాగం) తేదీలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. కెమెరాల ఆడిట్ లాగ్ వేరు, దానికి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అర్జీ పెట్టొచ్చు. ఇవ్వం అనాలంటే వాళ్లు పది పనిదినాల్లోపు అటార్నీ జనరల్ అభిప్రాయం అడగాలి. కొన్ని ఊళ్లైతే ఫ్లాక్ పోర్టల్‌లో ఎన్ని కెమెరాలు, నెలలో ఎన్ని సెర్చులు అన్నది వాళ్లే పెడుతున్నారు.

రేడియో_పిన్ని
ఇంకోటి బాబూ, టెక్సస్‌లో నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా వస్తుంది, టెక్సస్‌ష్యూర్ అనే రాష్ట్ర ఇన్సూరెన్స్ డేటాబేస్ నుంచి. "అన్‌కన్ఫర్మ్‌డ్" అని వస్తే ఆపడానికి అదొక్కటి చాలు. కంపెనీ మారినప్పుడు, విన్ (బండి గుర్తింపు సంఖ్య) నంబర్లో ఒక అక్షరం తప్పు పడినప్పుడు అలా వస్తుంటుంది. నీ పాలసీ కాగితం తీసి విన్ సరిచూసుకో.

ఆల్ఫరెట్టా_కోడర్
అర్జీ పెడితే కారణం అనే కాలమ్ కూడా ఇవ్వమని విడిగా రాయండి. చాలాచోట్ల అందులో "ఇన్వెస్టిగేషన్" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. 2025లో మీ జాన్సన్ కౌంటీ నుంచి దేశవ్యాప్తంగా 83 వేల కెమెరాల్లో ఒక మహిళ కోసం వెతికినప్పుడు ఆ కాలమ్‌లో అబార్షన్ చేయించుకుందని రాసి ఉంది, ఆమె క్షేమం కోసమే వెతికామన్నారు షెరిఫ్. ఆ కాలమ్ చూడకపోతే సంగతే బయటికి రాదు.

ఇర్వింగ్_ఇంజనీరు
విన్ చూశాను, సరిగ్గానే ఉంది. మా ఊరి కెమెరాల ఆడిట్ లాగ్‌కి అర్జీ ఈ రోజే పెట్టాను, కారణం కాలమ్‌తో సహా. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.